చుక్కల ఏసుదాస్

ఏసుదాస్‌ను "మా మాట" పత్రికలోంచి వెళ్లగొట్టింది రెండు చుక్కల కోసం. ఆ చుక్కలు ఆయన వేశాడు, నేను కొట్టేశాను. శిక్ష మాత్రం చుక్కలు వేసినవాడికే పడింది. 1955లో, ఉగాది పన్నెండు రోజులుందనగా, వేలూరు దగ్గర గుడియాత్తం బజారులో మా ప్రెస్సు మెట్ల మీద, వీధి జనం చూస్తుండగా ఎడిటరు గోవిందరాజు గారు ఆయన చేతిలోంచి అచ్చులు కూర్చే స్టిక్కు లాక్కుని "పో" అన్నారు. ఆయన పోయాడు. నేను లోపల బల్ల దగ్గరే కూర్చుని, చేతిలోని కాగితం తలకిందులుగా ఉందని కూడా చూసుకోకుండా చదువుతున్నట్టు నటించాను.

ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. నాలుగేళ్లు ఆయన్ని రోజూ చూశాను. ఎడమ చేతి బొటనవేలి గోరు సీసం తగిలి తగిలి నల్లబడిందనీ, అచ్చుల పెట్టె గడుల వైపు చూడకుండానే అక్షరాలు తీస్తాడనీ, నవ్వు వస్తే ముందు మూతి తుడుచుకుంటాడనీ నాకు తెలుసు. స్నేహితులు ఇంత గమనించరు. కడుపుమంట ఉన్నవాడే గమనిస్తాడు.

ఏసుదాస్‌ది తిరువలం పక్క ఒక తెలుగు క్రైస్తవుల వీధి. తండ్రి జోలార్పేటలో రైలు పట్టాల కూలి. తల్లి ఆరోకియమేరి వేలూరులో ఒక ఆసుపత్రిలో ఆయా. ఇంట్లో మాట తెలుగు, బడిలో అరవం. అయిదో క్లాసు దాటలేదు. పన్నెండో ఏట వేలూరులో ఒక అరవ ప్రెస్సులో చేరి, సీసపు అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి చదవడం నేర్చాడు. తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. 1951లో మా దగ్గరికి వచ్చింది కూడా తెలుగు కోసం కాదు. పెళ్లి పత్రికలు, లుంగీల లేబుళ్లు, అగ్గిపెట్టెల లేబుళ్లు, ఇలా అరవంలో వచ్చే చిల్లర పని చెయ్యడానికి. పత్రికలో తెలుగు కూర్చేదీ, ప్రూఫులన్నీ చూసేదీ నేను. నన్ను అందరూ రైటరు అనేవాళ్లు. నాకూ బడి చదువు పెద్దగా లేదు. తెలుగు పుస్తకాలు అడుక్కుని, అరువు తెచ్చుకుని, కొన్ని దొంగిలించి కూడా చదివాను. అందువల్ల నాకు తెలుగు ఎక్కువ తెలుసని ఒక గీర ఉండేది.

"మా మాట" శనివారం శనివారం వచ్చే నాలుగు పేజీల పత్రిక. గోవిందరాజు గారు 1949లో పెట్టారు. మొదట్లో అయిదు వందల కాపీలు పోయేవి. ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక తెలుగు చదవగలిగిన పంతుళ్లు, గుమాస్తాలు చిత్తూరు వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. మిగిలిన తెలుగువాళ్లు మగ్గాల మీద, అగ్గిపెట్టెల షెడ్లలో, అంగళ్లలో ఉన్నవాళ్లు. మాట్లాడితే గలగలా తెలుగే. చదవమంటే అరవమే. కాపీలు రెండు వందలకు పడ్డాయి. ఒక శనివారం మధ్యాహ్నం అమ్ముడుపోని కట్ట ముందు కూర్చుని గోవిందరాజు గారు నిట్టూర్చారు.

"ఈ ఊళ్లో తెలుగోళ్లకు చెవులుండాయి గానీ కండ్లు లేవప్పా."

ఏసుదాస్ తన గడుల దగ్గరనుంచే, తల ఎత్తకుండా అన్నాడు. "కండ్లు ఉండాయి అయ్యా. అరవ కండ్లు. అరవ అచ్చరాల్లో తెలుగు ఏస్తే సదవరా?"

నేను నవ్వాను. "అరవంలో బా లేదు, గా లేదు, దా లేదు. అన్నిటికీ పా, కా, తా. బడి అని వేస్తే పడి అని చదువుతారు. గోడ అని వేస్తే కోడ. అది తెలుగా?"

"చుక్క పెడదాం రైటరయ్యా."

"ఏం చుక్క?"

"అరవంలో మామూలుగా పలికినట్టు పలికితే సరిపోతే అట్లే వదిలేస్తాం. కాదు, రెండో మాదిరి పలకాలంటే ఆ అచ్చరం ముందర ఒక చుక్క. ఫుల్‌స్టాపులు ఒక గడి నిండా ఉండాయి, ఊరికే పడుండాయి."

మడతపెట్టే పని చేసే వెంకటమ్మ గంజి కలుపుతూ అంది. "అట్లయితే నేనూ సదువుతా. మా ఇంటాయన చుక్క ఎయ్యకుంటే మాటే పలకడు, ఇంక పేపరు ఎట్ల పలుకుతాది."

గోవిందరాజు గారు నవ్వలేదు. ఆ వారమే నాలుగో పేజీ ఏసుదాస్‌కు ఇచ్చేశారు. పేజీకి "చెవి తెలుగు" అని పేరు పెట్టారు.

ఏసుదాస్ రాసి కూర్చేవాడు కాదు. కాగితమే లేదు. వెంకటమ్మ చెప్పిన సంగతి, బస్సులో విన్న తగువు, మగ్గాల షెడ్డులో ఆడవాళ్ల పాట, కౌండిన్య ఏట్లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయనే వార్త, ఏదైనా సరే విన్నది విన్నట్టు నేరుగా సీసంలో కూర్చేవాడు. నేను ఒక వ్యాసానికి మూడు రోజులు కుస్తీ పట్టి, కొట్టి, తిరగరాసి, మళ్లీ కొట్టేవాణ్ణి. ఆయన నిలబడి, ఈల వేస్తూ, పూట తిరిగేలోపల పేజీ ముగించేవాడు.

రెండు నెలల్లో కాపీలు తొమ్మిది వందలయ్యాయి.

నేను కళ్లతో చూడాలని ఒకసారి ఒక మగ్గాల షెడ్డుకు వెళ్లాను. మధ్యాహ్నం సద్ది తినే వేళ. ముత్తు అనే నేతగాడు గోడకు ఆనుకుని చుక్కల పేజీ చదువుతున్నాడు, ఇరవై మంది వింటున్నారు. చుక్క వచ్చిన చోటల్లా కొంచెం ఆగి, సరిగ్గా పలికి, ముందుకు పోతున్నాడు. ఒక ముసలామె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మొదటి పేజీలో నా వ్యాసం, భాషాభిమానం మీద నాలుగో భాగం, ఒకాయన సద్ది గిన్నె కింద ఉంది.

"ఈ ముందర పేజీ ఎవరు రాస్తారప్పా?" అని ఎవరో అడిగారు.

"ఎవరో రైటరంట," అన్నాడు ముత్తు. "అచ్చరాలు గుండ్రంగా బాగుండాయి."

ఆ మాట నా మీద చీమలా పాకుతూ ప్రెస్సుదాకా వచ్చింది. ఆ రోజునుంచి నేను లెక్క పెట్టడం మొదలుపెట్టాను. పత్రిక చేతికి తీసుకున్న వాళ్లలో ఎంతమంది ముందు వెనక పేజీకి తిప్పుతారా అని. బజారులో, బస్‌స్టాండులో, టీ అంగట్లో. పది మందిలో తొమ్మిది మంది. పదోవాడు పొట్లం కట్టుకోవడానికి కొన్నవాడు. గోవిందరాజు గారు ఇదివరకు "ఏరా ఏసుదాసూ" అనేవారు. ఇప్పుడు "దాసప్పా" అంటున్నారు. నన్ను పిలవాలంటే మాత్రం బల్ల మీద వేలితో కొట్టేవారు.

"ఏమప్పా సుబ్రమణ్యం, నీ మొగం ఆవదం తాగినట్టుండాదే," అనేది వెంకటమ్మ. "ఆయన పేజీ ఆయనది, నీ పేజీ నీది. కండ్లలో కారం ఎందుకు?"

నాకు కారం లేదని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఉగాది సంచిక దగ్గర పడుతుండగా గోవిందరాజు గారు అందరి ముందూ ఒక మాట ఇచ్చారు. ఉగాదినుంచి "చెవి తెలుగు" పేజీ కింద "కూర్చినది: ఏసుదాస్" అని పడుతుంది. మా పత్రికలో ఎడిటరు పేరు తప్ప ఎవరి పేరూ పడేది కాదు. నా వ్యాసాల కింద "ఒక అభిమాని" అని ఉండేది. ఏసుదాస్ మూతి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే తన పేరు అరవ అక్షరాల్లో కూర్చి, దారంతో కట్టి, గడుల పైన కిటికీ దగ్గర పెట్టుకున్నాడు. ఆదివారం తల్లి వస్తే చూపించాడు. ఆమెకు ఏ అక్షరాలూ రావు. సీసం ముక్కను చేత్తో తడిమి, బరువు చూసి, "నీ పేరు ఇంత బరువుండాదా నాయనా," అంది.

ఆయన నన్ను ఒకటే అడిగాడు. "రైటరయ్యా, నా పేరు తెలుగు అచ్చరాల్లో ఎట్లుంటాదో రాసి చూపించండి. అదీ పక్కన ఏసుకుంటే బాగుంటాది."

నాకు అర నిమిషం పని. "రేపు," అన్నాను. తర్వాత కూడా చాలాసార్లు రేపు అన్నాను.

ఉగాదికి ఇంకా మూడు వారాలుండగా, అరవవాళ్ల మాసి నెలలో, చెంగల్రాయుడు గారి ఇంట్లో పెళ్లి. ఆయన ఊళ్లో పెద్ద లుంగీల వ్యాపారి, అందరూ నాయుడు గారు అనేవాళ్లు. మా పత్రికకు కాగితం ఆయనే తెప్పించి ఇచ్చేవారు. నామం పెట్టుకోకుండా గడప దాటని మనిషి, ఇంట్లో గుడ్డు కూడా వండరు. ప్రెస్సువాళ్లందర్నీ పిలిచారు. పందిట్లో వరసలు వేసి వడ్డిస్తున్నారు. మావైపు ఆ వరసను బంతి అంటాం. మొదటి బంతి, రెండో బంతి, కడపటి బంతి. ఎవరు ఏ బంతిలో కూర్చున్నారో పదేళ్లయినా గుర్తుపెట్టుకుంటారు. నేనూ గోవిందరాజు గారూ రెండో బంతిలో కూర్చున్నాం. ఏసుదాస్ నా పక్క ఆకు ముందు కూర్చోబోతుంటే వరసలు సర్దే మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు ఎనకపక్క ఏస్తామప్పా. ఆడ గాలి బాగొస్తాది."

వెనక అంటే బండ్లు విప్పిన చోటు. ఆయన అక్కడికి వెళ్లి తిన్నాడు. గోవిందరాజు గారు తలవంచుకుని పప్పు కలుపుకున్నారు. నేనూ కలుపుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది. తొమ్మిది వందల మంది చదివే మనిషి బండ్ల దగ్గర, ఎవరూ చదవని నేను రెండో బంతిలో.

తిరిగి వచ్చేటప్పుడు ఏసుదాస్ "పాయసం బాగుండింది" అన్నాడు, అంతే.

ఆ పెళ్లి వార్త చుక్కల పేజీలో రావాలని చెంగల్రాయుడు గారే కబురు పెట్టారు. శుక్రవారం పొద్దున ఏసుదాస్ కూర్చాడు. చివరి వాక్యం ఇది. "నాయుడు గారింట ఊరంతా బంతి భోజనం చేసినారు." ఊరంతా. అది మర్యాదకు అన్నాడో వెటకారానికి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తడి కాగితం మీద తీసిన ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. అరవంలో బకూ పకూ ఒకటే అక్షరం, తకూ దకూ ఒకటే, పైగా సున్న తర్వాత వచ్చే తను ద అనే పలుకుతారు. అందుకని "బంతి" అనే మాటకు ఏసుదాస్ రెండు చుక్కలు పెట్టాడు. బ ముందు ఒకటి, త ముందు ఒకటి. ఆ చుక్కలు లేకుండా అరవం అలవాటున్న నోరు దాన్ని ఎలా చదువుతుందో నేను మెల్లగా పలికి చూసుకున్నాను. పంది. నాయుడు గారింట ఊరంతా పంది భోజనం చేసినారు. నాకు నవ్వు వచ్చింది. ఎర్ర సిరాతో రెండు చుక్కలనూ కొట్టేసి, పక్కన తీసెయ్యమని తోక గీశాను.

ఏసుదాస్ ప్రూఫు పట్టుకుని వచ్చాడు. "రైటరయ్యా, ఈ రెండూ కొట్టేసినారే. సరిగ్గా సూసినారా?"

"బంతి అందరికీ తెలిసిన మాటే. దానికి కూడా చుక్కలెందుకు? పేజీ మశూచి వచ్చినట్టు ఉంది."

"లేదు, సదివేటోడు..."

"కూర్చేది నువ్వు. చూసేది నేను. ప్రూఫులో ఉన్నట్టు చెయ్."

ప్రెస్సులో అది చట్టం. ప్రూఫు మీద గీత పడితే కంపోజిటరు ఎదురు చెప్పకూడదు. పట్టకారుతో రెండు చుక్కలూ పీకి గడిలో వేశాడు. నేను చూస్తూ ఉన్నాను.

శనివారం మధ్యాహ్నానికి మగ్గాల షెడ్లన్నీ ఘొల్లుమన్నాయి. సోమవారానికి పిల్లకాయలు చెంగల్రాయుడు గారి బండి వెంట పడి "పంది నాయుడు" అని అరిచారు. ఆయన మనుషులు నలుగురు మా మెట్లెక్కారు. వాళ్లు దాన్ని అచ్చుతప్పు అనుకోలేదు.

"వెనకపక్క ఆకేసినామని పగ పట్టి ఏసినాడు," అన్నాడు వరసలు సర్దిన మనిషి. "కిరస్తానోడికి పేజీ ఇస్తే ఇట్లే ఉంటాది."

గోవిందరాజు గారు ఏసుదాస్‌ను పిలిచారు. "ఏమిరా దాసూ, ఇది నువ్వు చేసిందేనా?"

"ప్రూఫులో కొట్టేసుండాది అయ్యా. కొట్టినట్టే తీసినాను."

"ప్రూఫు యాడ?"

నా వైపు తిరిగారు. ప్రూఫు శనివారం పొద్దునే వెంకటమ్మ గంజి పొయ్యిలో కాలిపోయింది. నేనే దూర్చాను. దూర్చేటప్పుడు ఆమె పక్కనే ఉంది.

"నేను చుక్కలు కొట్టలేదు," అన్నాను. "ప్రూఫు వెతికితే కనిపించలేదు."

వెంకటమ్మ గంజి గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె ఇంటాయనకు చెంగల్రాయుడు గారి షెడ్డులోనే పని. ఏసుదాస్ నన్ను ఒకసారి చూసి, స్టిక్కు చేతిలోనే పట్టుకుని మెట్ల మీదికి నడిచాడు. ఆయన పోయాక కిటికీ దగ్గర దారంతో కట్టి ఉన్న పేరును గోవిందరాజు గారు విప్పమన్నారు. ఆ పనీ నేనే చేశాను. ఒక్కో అక్షరం దాని గడిలోకి.

తర్వాత చుక్కల పేజీ నాకు వచ్చింది. ఎంత కాలంగానో కోరుకున్నది. వ్యాకరణం ప్రకారం చుక్కలు పెట్టాను, ఒక్కటి కూడా తప్పలేదు. కానీ నాకు వినడం రాదు. నేను విన్న ప్రతి మాటనూ దిద్దేవాణ్ణి. "ఇది మన పేజీ కాదే, ఎవురో పంతులు మాట్లాడినట్టుండాది," అని ముత్తు కాపీ తిరిగి పంపాడు. నాలుగో వారానికి గోవిందరాజు గారు పేజీ ఆపేశారు. ఆ వేసవి దాటేలోపల కాపీలు మళ్లీ రెండు వందలు. వెంకటమ్మ నన్ను "అప్పా" అనడం మానేసింది. పని ఉంటే "రైటరు గారూ" అనేది. మరుసటేడు భాషా రాష్ట్రాలు వచ్చాయి, గుడియాత్తం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1957లో పత్రిక మూతపడింది. గోవిందరాజు గారు చిత్తూరు వెళ్లిపోయారు. నేను పేరణాంబట్టులో ఒక తోళ్ల మండీలో గుమాస్తాగా చేరాను.

1961లో ఒక మధ్యాహ్నం మండీలో పెరియస్వామి అనే పనివాడు చిన్న పుస్తకం చూసి పాడుకుంటున్నాడు. తెలుగు పాట. అక్షరాలు అరవం. అక్షరాల ముందు అక్కడక్కడా చుక్కలు. వాళ్ల చర్చిలో అందరి దగ్గరా ఉందట. నేను తీసుకుని మొదటి పేజీ తిప్పాను. "కూర్చినవారు: ఏసుదాస్, వేలూరు."

ఆరేళ్లయింది కదా, మొదట సిగ్గు రావాలి. రాలేదు. ఆ పేరు అచ్చులో చూడగానే కడుపులో అదే పాత మంట. పాటలు నలభై రెండు. ఒక్క తప్పు దొరుకుతుందేమోనని అన్నీ చదివాను, దొరకలేదు. అప్పుడు వచ్చింది సిగ్గు, ఆలస్యంగా, వేళ దాటి వచ్చిన బస్సులాగా. ఆదివారం వేలూరు వెళ్లాను.

కోట వెనక సందులో చిన్న ప్రెస్సు. ఆదివారమైనా తెరిచే ఉంది. ఏసుదాస్ పెళ్లి పత్రిక కూరుస్తున్నాడు. జుట్టు కాస్త నెరిసింది. నన్ను చూసి స్టిక్కు కింద పెట్టలేదు.

"రా సుబ్రమణ్యం, కూసో." ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. సందు మొగలో అంగడికి కేక వేసి రెండు టీలు చెప్పాడు.

బస్సులో పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అన్నీ చెదిరిపోయాయి. "ఆ చుక్కలు తెలిసే కొట్టేశాను. ప్రూఫు కాల్చింది కూడా నేనే," అన్నాను.

"తెలుసు."

"వెంకటమ్మ చెప్పిందా?"

"చెప్పింది. చెప్పకున్నా తెలుసు. ఆ పొద్దు నువ్వు ప్రూఫు పట్టుకోని నోట్లో పలికి చూసి నవ్వితివే, నేను చూసినాను."

"చూసి కూడా చుక్కలు ఎందుకు తీశావు?"

"ప్రూఫు మీద గీత ఉండె."

"గోవిందరాజు గారితో చెప్పి ఉండాల్సింది."

"ఏమని? బండ్ల కాడ తిన్నోడు ఒకటి చెప్పి, బంతిలో తిన్నోడు ఇంకొకటి చెప్తే, ఎవురి మాట నిలస్తాది?" అక్షరం ఒకటి తీసి, వెలుతురులో చూసి, పెట్టాడు. "ఇంకోటి చెప్పేదా? నాకూ నిన్ను చూస్తే మంటే. తెలుగు అచ్చరాలు నీకు వచ్చు గదా. నువ్వు రాసే ఆ పెద్ద పెద్ద వ్యాసాలు, ఏముండాదో వాటిలో అని వాటినే చూస్తా కూసుంటా ఉంటి. నాకు ఒకటీ తెలీదు. దానికని నేను నీ అచ్చులు కింద పోసినానా?"

టీ వచ్చింది. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని ఒక గ్లాసు నా ముందుకు జరిపాడు.

"తప్పయిపోయింది," అన్నాను. "మనసులో పెట్టుకోవద్దు."

ఏసుదాస్ తన టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నన్ను చూసి అన్నాడు.

"ఆ పేజీ పాయె. ఆ ఉగాదీ పాయె. మాయమ్మ ఆ పేపరు చూడకనే పాయె. ఇంక నా కాడ ఉండేది కోపమొకటే, దాన్నీ అడుక్కోని పోదామని వచ్చినావా అప్పా? ఇయ్యను. టీ ఆరిపోతా ఉండాది, తాగు."